నత్తనడక హరికేన్ జాడ చెప్పే బోయాలు

హరికేన్‌కు రెండు వేగాలుంటాయి. కేంద్రం చుట్టూ తిరిగే గాలుల వేగం ఒకటి. ఆ సుడి మొత్తం సముద్రం మీద ముందుకు జరిగే వేగం మరొకటి. వార్తల్లో వినిపించేది మొదటిదే, తుపాను తీవ్రతను తెలిపే కేటగిరీని నిర్ణయించేదీ అదే. వానకు, వరదకు మాత్రం రెండోది చాలా ముఖ్యం. అట్లాంటిక్ హరికేన్లు ఉష్ణమండలంలో ఉన్నంతకాలం సాధారణంగా గంటకు 15 నుంచి 25 కిలోమీటర్ల చొప్పున కదులుతాయి. అప్పుడప్పుడు ఏదో ఒకటి గంటకు నాలుగైదు కిలోమీటర్లకు, అంటే మనిషి నడక వేగానికి పడిపోతుంది. 2017లో హార్వీ టెక్సస్‌ను వదలకుండా నిలబడి నెదర్లాండ్ పట్టణం దగ్గర 60.58 అంగుళాల, అంటే సుమారు 1,540 మిల్లీమీటర్ల వాన కురిపించింది. 2019 సెప్టెంబరులో డోరియన్ బహామాస్‌లోని గ్రాండ్ బహామా దీవి మీద ఒక రోజుకు పైగా దాదాపు కదలకుండా ఉండిపోయింది. ఈ రెండు చోట్లా నష్టానికి గాలి బలం ఎంత కారణమో, తుపాను కదలకపోవడమూ అంత కారణం.

తుపాను తనంతట తాను నడిచేది తక్కువ. చుట్టూ కొన్ని కిలోమీటర్ల మందాన వీచే విస్తారమైన వాయుప్రవాహాలే దాన్ని మోసుకుపోతాయి. భూభ్రమణం వల్ల పడమర–వాయవ్యానికి ఒక చిన్న తోపుడు ఉంటుంది, అది అంత బలమైనది కాదు. అట్లాంటిక్ మీది అధికపీడన మేఖల ఒకవైపు నెడుతుంటే, ఖండం మీది మరో అధికపీడనం ఎదురు నెడితే, మధ్యలో చిక్కిన తుపానుకు దారి చూపే గాలి ఉండదు. అది ఆగుతుంది, వంకర తిరుగుతుంది, ఒక్కోసారి వెనక్కి మళ్లుతుంది. 1949 నుంచి 2016 వరకు ప్రపంచమంతటా ఉష్ణమండల తుపానుల కదలిక వేగం సుమారు 10 శాతం తగ్గిందని 2018లో అమెరికా శాస్త్రవేత్త జేమ్స్ కాసిన్ ‘నేచర్’ పత్రికలో లెక్కగట్టాడు. ఉపగ్రహాలు లేని కాలపు నమోదులు ఆ లెక్కను ఎంతవరకు మోయగలవన్న వాదన ఇంకా నడుస్తోంది. వాదన ఎటు తేలినా, ఆగిపోయే తుపానును కనిపెట్టి ఉండటం వాతావరణ శాఖలకు తప్పని పని.

2020 సెప్టెంబరులో వచ్చిన సాలీ ఇందుకు మంచి ఉదాహరణ. సెప్టెంబరు 11న బహామాస్ దగ్గర వాయుగుండంగా మొదలై, మర్నాడు దక్షిణ ఫ్లోరిడాను దాటి, గల్ఫ్ ఆఫ్ మెక్సికోలోకి దిగింది. తొలి అంచనాల్లో దాని గురి ఆగ్నేయ లూసియానా మీద ఉంది. న్యూ ఆర్లియన్స్ పరిసరాల్లో హెచ్చరికలు జారీ అయ్యాయి. 14న హరికేన్‌గా మారింది. 15న మిసిసిపీ నది ముఖానికి తూర్పున సుమారు 100 కిలోమీటర్ల దూరంలో గంటకు మూడు నాలుగు కిలోమీటర్లకు మందగించి, ఉత్తరానికి మళ్లింది. చివరికి 16 తెల్లవారుజామున అలబామాలోని గల్ఫ్ షోర్స్ దగ్గర రెండో కేటగిరీ హరికేన్‌గా తీరం దాటింది. అప్పుడు కేంద్రంలో వాయుపీడనం 965 హెక్టాపాస్కల్స్. అంతకు సరిగ్గా 16 ఏళ్ల ముందు, అదే తేదీన, ఐవాన్ హరికేన్ తీరం దాటింది కూడా గల్ఫ్ షోర్స్ దగ్గరే. సాలీ వల్ల కొన్నిచోట్ల 600 మిల్లీమీటర్లకు పైగా వాన పడింది. పెన్సకోలా అఖాతంలో లంగరు తెంచుకున్న బార్జీలు కొత్త వంతెనను ఢీకొని దాని భాగాన్ని కూల్చాయి.

దారి చూపే గాలి బలంగా ఉన్నప్పుడు తుపాను ఎక్కడికి చేరుతుందో రెండు రోజుల ముందే చాలావరకు చెప్పవచ్చు. బలహీనంగా ఉన్నప్పుడు కేంద్రం స్థానంలో 20 కిలోమీటర్ల పొరపాటు కూడా అంచనాను పక్క రాష్ట్రానికి లాక్కుపోతుంది. కాబట్టి కేంద్రం ఈ గంటలో ఎక్కడుంది, గడిచిన గంటలో నిజంగా కదిలిందా, బలపడుతోందా అన్న మూడు ప్రశ్నలకు జవాబు నిరంతరం కావాలి. ఉపగ్రహం పైనుంచి మేఘాన్ని చూస్తుంది. మిసిసిపీలోని కీస్లర్ వైమానిక స్థావరం నుంచి ఎగిరే అమెరికా వైమానిక దళపు 53వ వాతావరణ నిఘా స్క్వాడ్రన్ విమానాలు తుపాను కంటిలోకి, అంటే కేంద్రంలోకి, దూసుకెళ్లి కొలతలు తెస్తాయి. కానీ విమానం వచ్చి పోయేది. మేఘం కింద, నీటి మీద, రాత్రీ పగలూ ఒకేచోట ఉండి కొలిచేది బోయా, అంటే లంగరు వేసి నీటి మీద తేలించే కొలత పరికరాల వేదిక.

ఈ బోయాలను నడిపేది అమెరికా జాతీయ వాతావరణ సేవ కింద, మిసిసిపీ రాష్ట్రంలోని స్టెనిస్ అంతరిక్ష కేంద్రంలో ఉన్న నేషనల్ డేటా బోయ్ సెంటర్. ప్రతి బోయాకు ఐదంకెల సంఖ్య ఉంటుంది. ప్రపంచ వాతావరణ సంస్థ పద్ధతిలో 42తో మొదలయ్యేవి గల్ఫ్ ప్రాంతానివి, 41తో మొదలయ్యేవి పశ్చిమ అట్లాంటిక్‌వి. అలబామా తీరానికి ఎదురుగా ఉన్న 42012, డాఫిన్ దీవికి దక్షిణాన సుమారు 115 కిలోమీటర్ల దూరంలో ఉన్న 42040 సాలీ నడిచిన నీళ్లలోనివే. ఎక్కువ బోయాలు 3 మీటర్ల వ్యాసం ఉన్న పళ్లెపు ఆకారంలో ఉంటాయి. పాత రకాల్లో 10, 12 మీటర్ల పళ్లేలు, 6 మీటర్ల పడవ ఆకారపువి కూడా ఉన్నాయి. లోతు తక్కువైన చోట గొలుసుతోను, లోతు ఎక్కువైన చోట నైలాన్ తాళ్లతోను సముద్రం అడుగున లంగరుకు కట్టి ఉంచుతారు. బోయా మీది స్తంభంపై, నీటికి నాలుగైదు మీటర్ల ఎత్తున, గాలి వేగాన్ని, దిశను కొలిచే పరికరాలుంటాయి. వాయుపీడనం, గాలి ఉష్ణోగ్రత, నీటి పైపొర ఉష్ణోగ్రత, అలల ఎత్తు, రెండు అలల మధ్య వ్యవధి కూడా నమోదవుతాయి. గాలి వేగాన్ని ఎనిమిది నిమిషాల సగటుగా ఇస్తారు. ఒక పరికరం పాడైనా పని ఆగకుండా ముఖ్యమైన వాటిని రెండేసి అమరుస్తారు. కొలతలన్నీ ఉపగ్రహం ద్వారా ఒడ్డుకు చేరతాయి.

తుపాను కేంద్రాన్ని ఒకేచోట నిలబడి పసిగట్టే విద్య బోయాలకన్నా చాలా పాతది. గాలికి వీపు పెట్టి నిలబడితే, ఉత్తరార్ధగోళంలో అల్పపీడనం ఎడమచేతి వైపున ఉంటుందని డచ్ శాస్త్రజ్ఞుడు బైస్ బాలట్ 1857లో సూత్రీకరించాడు. అంతకు ముందే కలకత్తాలో హెన్రీ పిడింగ్టన్ నావికుల కోసం పారదర్శకమైన కొమ్ముతో పలకలు చేయించాడు. వాటి మీద గాలి దిశల వలయాలు గీసి ఉండేవి. పలకను సముద్ర పటం మీద ఉంచి, ఓడ దగ్గర వీస్తున్న గాలికి సరిపోయేలా జరిపితే తుపాను కేంద్రం ఏ దిక్కున ఉందో తెలిసేది. కాకినాడ దగ్గరి కోరంగిని 1789 డిసెంబరులో ముంచెత్తిన ఉప్పెన గురించి రాసింది కూడా ఈ పిడింగ్టనే. బోయాల లెక్క ఆయన పలకల లెక్కే. ఒక సవరణ మాత్రం కావాలి. గాలి వృత్తం వెంట కచ్చితంగా తిరగదు, సగటున 20 నుంచి 25 డిగ్రీల మేర లోపలికి వంగి వీస్తుంది. అందువల్ల గాలికి వీపు పెడితే కేంద్రం సరిగ్గా ఎడమన కాక, కొంచెం ముందుకు జరిగి ఉంటుంది. బోయా దగ్గర తూర్పు గాలి వీస్తుంటే కేంద్రం దక్షిణ నైరుతి వైపున ఉందన్నమాట.

సాధారణ వేగంతో సాగే తుపానుకు నావికులు వాడిన మరో సూత్రం ఉంది. గాలి దిశ సవ్యంగా, అంటే తూర్పు నుంచి ఆగ్నేయం మీదుగా దక్షిణానికి తిరుగుతుంటే పరిశీలకుడు తుపాను దారికి కుడివైపున ఉన్నట్టు. అపసవ్యంగా తిరిగితే ఎడమవైపున. దిశ మారకుండా గాలి పెరుగుతూ, పీడనం పడిపోతూ ఉంటే తుపాను నేరుగా మీదికే వస్తోందని గుర్తు.

నత్తనడక తుపాను ఈ చివరి సూత్రాన్ని దెబ్బతీస్తుంది. అది ఉన్నచోటే ఉంటే గాలి దిశ మారదు. అదే సమయంలో అది బలపడుతుంటే పీడనం పడిపోతుంది, గాలి పెరుగుతుంది. అంటే మీదికి వస్తున్న తుపాను, దూరంగా ఆగి బలపడుతున్న తుపాను ఒంటరి బోయాకు ఒకేలా కనిపిస్తాయి. మొదటిదైతే ఊళ్లు ఖాళీ చేయించడానికి మిగిలింది కొన్ని గంటలే. రెండోదైతే ఇంకా ఒక రోజు ఉండవచ్చు, కానీ వచ్చేది మరింత బలమైన తుపాను. ఈ రెండింటినీ విడదీయడమే అసలు సమస్య.

దీనికి తోడు వాతావరణానికి కూడా ఆటుపోట్లుంటాయి. సూర్యుని వేడి వల్ల ఉష్ణమండలంలో పీడనం రోజుకు రెండుసార్లు, ఉదయం, రాత్రి పది గంటల ప్రాంతంలో పెరిగి, తెల్లవారుజామున, సాయంత్రం నాలుగు గంటల ప్రాంతంలో తగ్గుతుంది. తేడా 2 నుంచి 3 హెక్టాపాస్కల్స్ దాకా ఉంటుంది. వేగంగా వచ్చే తుపాను ముందు ఇది లెక్కలోకి రాదు. నెమ్మదిగా వచ్చేదాని ముందు వస్తుంది. కేంద్రానికి 200 కిలోమీటర్ల దూరంలో బోయా ఉందని, అక్కడ కిలోమీటరుకు 0.03 హెక్టాపాస్కల్ చొప్పున పీడనం మారుతోందని అనుకుందాం. తుపాను గంటకు 20 కిలోమీటర్లు దగ్గరైతే ఆరు గంటల్లో 3.6 హెక్టాపాస్కల్స్ తగ్గుతుంది. గంటకు 4 కిలోమీటర్లే అయితే తగ్గేది 0.7. ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు దాకా రోజువారీ ఆటుపోటు ఒక్కటే అంతకు మించి దించుతుంది. ఆ సంఖ్యను విడిగా చూసినవాడు తుపాను దూసుకొస్తోందని అనుకుంటాడు. రాత్రి పది గంటలకు పీడనం కాస్త లేస్తే గండం గడిచిందని అనుకుంటాడు. రెండూ తప్పే. అందుకే నెమ్మదైన తుపానులో ఈ గంటను కిందటి గంటతో కాక, నిన్న ఇదే గంటతో పోల్చాలి.

ఇంతకన్నా మేలైన మార్గం రెండు మూడు బోయాలను కలిపి చదవడం. వంద కిలోమీటర్ల ఎడంలో ఉన్న రెండు బోయాలకు ఆటుపోటు దాదాపు ఒకే నిమిషాల్లో వస్తుంది కాబట్టి, ఒకదాని పీడనం నుంచి మరొకదాన్ని తీసివేస్తే ఆటుపోటు దానంతటదే రద్దవుతుంది. మిగిలేది తుపాను చేసిన తేడా మాత్రమే. తుపాను ఉన్నచోటే బలపడితే రెండు చోట్లా పీడనం తగ్గుతుంది, దగ్గరి బోయాలో ఎక్కువ, దూరపుదానిలో తక్కువ. గాలి దిశలు మారవు. అది ఒకదాని నుంచి మరోదాని వైపు జరిగితే ఒకచోట పీడనం తగ్గి, మరోచోట పెరుగుతుంది. రెండు చోట్ల గాలి దిశల నుంచి పటం మీద రెండు గీతలు గీస్తే అవి కలిసేచోట కేంద్రం ఉంటుంది. మూడో బోయా ఉంటే మూడు గీతలు ఒక చిన్న త్రిభుజాన్ని ఇస్తాయి, దాని పరిమాణమే పొరపాటు ఎంతో చెబుతుంది. గంటగంటకూ ఈ త్రిభుజం అదే చోట పడుతుంటే తుపాను నిలిచిందని చెప్పవచ్చు. లోపలికి వంగే కోణం అన్ని పక్కలా ఒకేలా ఉండదు కనుక ఒక్క గంట త్రిభుజాన్ని నమ్మకూడదు. ఆరేడు గంటల వరుస చూస్తే కదలిక స్పష్టమవుతుంది.

అలలు మరో సాక్ష్యం. తుపాను లేపిన అలలు దాని గాలుల పరిధి దాటి బయటికి వచ్చి దూరతీరాలకు సాగుతాయి. వీటిని స్వెల్ అలలంటారు. లోతైన నీటిలో అలల మధ్య వ్యవధి ఎంత ఎక్కువైతే వాటి శక్తి అంత వేగంగా ప్రయాణిస్తుంది. 14 సెకన్ల వ్యవధి ఉన్న అలల గుంపు గంటకు సుమారు 39 కిలోమీటర్లు, 10 సెకన్లది 28 కిలోమీటర్లు సాగుతుంది. 500 కిలోమీటర్ల దూరాన్ని మొదటిది 13 గంటల్లో, రెండోది 18 గంటల్లో దాటుతుంది. అందువల్ల బోయా దగ్గరికి ముందు పొడవాటి వ్యవధి అలలు, తరువాత పొట్టివి వస్తాయి. ఆ వ్యవధి ఎంత త్వరగా తగ్గుతోందో చూసి అలలు పుట్టిన చోటు ఎంత దూరమో లెక్కించవచ్చు. తుపాను కదలకుండా ఉంటే అలలు ఒకే దిక్కు నుంచి రోజుల తరబడి వస్తూనే ఉంటాయి. దిక్కు మారిందంటే మూలం జరిగిందన్నమాట.

గాలి బలం ఒకటే అయినా, నెమ్మదైన తుపాను లేపే అలలు ఓ మోస్తరు వేగంతో సాగే తుపాను అలలంత ఎత్తు పెరగవు. తుపాను కూడా అలల గుంపు వేగానికి దగ్గరగా కదిలితే, దారికి కుడివైపున అలలు గాలితో పాటే ప్రయాణిస్తూ గంటల తరబడి శక్తి పుంజుకుంటాయి. గంటకు నాలుగు కిలోమీటర్ల తుపానును అలలు వెంటనే విడిచి వెళ్లిపోతాయి. ఎత్తు తగ్గినా తీరానికి ఊరట లేదు. ఇసుక దిబ్బల మీద ఒక రాత్రి పడాల్సిన దెబ్బలు మూడు పోట్ల పాటు, నాలుగు పోట్ల పాటు పడతాయి. ఎంత పెద్ద దిబ్బ అయినా కోసుకుపోవడానికి ఆ సమయం చాలు.

బోయా ఇచ్చే అన్ని కొలతల్లోకి విలువైనది, చాలాకాలం తక్కువగా అంచనా వేసినది నీటి ఉష్ణోగ్రత. హరికేన్‌కు శక్తి వెచ్చటి సముద్రం నుంచే వస్తుంది. అదే హరికేన్ గాలులు నీటిని కలియదిప్పి, కింది చల్లటి పొరను పైకి తెస్తాయి. 1975 సెప్టెంబరులో ఎలోయిజ్ హరికేన్ గల్ఫ్‌లో ఈబీ-10 అనే బోయాకు అతి చేరువగా సాగింది. అక్కడ పైనీరు సుమారు 2 డిగ్రీల సెల్సియస్ చల్లబడింది. ఆ కొలతలను తీసుకుని సముద్ర శాస్త్రవేత్త జేమ్స్ ప్రైస్ 1981లో ప్రచురించిన పరిశోధన ఈ విషయంలో మలుపు. సముద్రం చల్లబడటానికి ప్రధాన కారణం గాలిలోకి వేడి పోవడం కాదని, కింది చల్లనీరు పైపొరలో కలవడమేనని అది చూపించింది. తుపాను ఎంత నెమ్మదైతే చల్లదనం అంత ఎక్కువని కూడా తేల్చింది. 30 డిగ్రీల అక్షాంశం దగ్గర గాలి తాకిడికి సముద్రం పూర్తిగా స్పందించడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. వేగంగా పోయే తుపాను వెనకే నీరు ఎక్కువగా చల్లబడుతుంది, దానికి ఆ చల్లదనం పెద్దగా తగలదు. రోజంతా ఒకేచోట ఉన్న తుపాను కింద, కేంద్రం నుంచి నీరు చుట్టూ తొలగి, అడుగునీరు పైకి ఉబుకుతుంది. తుపాను తన కాళ్ల కింది పొయ్యిని తానే ఆర్పుకుంటుంది.

అయితే ఇది లోతైన సముద్రానికి సంబంధించిన మాట. గల్ఫ్ ఉత్తర తీరంలో సముద్రపు అడుగు తీరం నుంచి కిలోమీటర్ల దూరం దాకా లోతు తక్కువగా పరచుకుని ఉంటుంది. తుపాను దక్షిణాన ఉన్నప్పుడు ఆ తీరం మీద తూర్పు గాలులు వీస్తాయి. భూభ్రమణం వల్ల పైనీరు గాలి దిశకు కుడివైపుకు, అంటే ఉత్తరానికి, తీరం వైపుకు జరుగుతుంది. వెచ్చటి నీరు తీరాన పోగై, కిందికి దిగి, అడుగునున్న చల్లనీటిని సముద్రంలోకి తోసేస్తుంది. పైకి తేవడానికి చల్లనీరే లేనప్పుడు ఎంత కలియదిప్పినా నీరు చల్లబడదు. ఈ తీరం గురించి అలబామాలోని డాఫిన్ ఐలండ్ సీ ల్యాబ్ శాస్త్రవేత్తలు 2020లో ప్రచురించిన అధ్యయనం ఒక హెచ్చరిక. 2018 సెప్టెంబరు మొదట్లో వచ్చిన గోర్డన్ అనే చిన్న తుపాను వేడిని అడుగుదాకా కలిపేసింది. ఆ తరువాతి ఎండలకు నీరు మళ్లీ వేడెక్కింది. అక్టోబరు 10న అలా వేడెక్కిన తీరపు నీటి మీదుగానే మైకేల్ ఐదో కేటగిరీ హరికేన్‌గా ఫ్లోరిడాను తాకింది. సాలీ కూడా తీరానికి చేరేముందు, అంత నెమ్మదిగా నడుస్తూనే, మళ్లీ బలపడింది. నెమ్మదైన తుపాను తప్పకుండా నీరసపడుతుందన్న నమ్మకంతో తీరప్రాంతంలో హెచ్చరికలు సడలించడం ప్రమాదకరం. తీరానికీ లోతునీటికీ నడుమ ఉన్న బోయాల ఉష్ణోగ్రతను గంటగంటకూ చూసి మాత్రమే తుపాను నీరసపడుతుందని అనాలి.

బోయా కొలతలను యథాతథంగా నమ్మకూడని సందర్భాలూ ఉన్నాయి. పది మీటర్ల అలల నడుమ బోయా పల్లంలోకి దిగినప్పుడు దాని పరికరానికి గాలి చాటు దొరుకుతుంది, వేగం తక్కువ చూపిస్తుంది. ప్రామాణిక ఎత్తు 10 మీటర్లు, బోయా కొలిచేది అందులో సగం ఎత్తున. అమెరికా హరికేన్ కేంద్రం గాలిని ఒక నిమిషం సగటుగా చెబుతుంది, బోయా ఎనిమిది నిమిషాల సగటు ఇస్తుంది. ఈ తేడాలన్నీ సరిచేసిన తరువాతే బోయా సంఖ్యను ప్రకటనల సంఖ్యతో పోల్చాలి. పీడనానికి ఈ చిక్కులు లేవు. అందుకే పెనుతుపానులో గాలి కన్నా పీడనం నమ్మదగిన కొలత.

అలల ఎత్తు విషయంలోనూ ఒక జాగ్రత్త అవసరం. బోయా ప్రకటించేది ఒక్క అల ఎత్తు కాదు, అన్నిటికన్నా ఎత్తైన మూడో వంతు అలల సగటు. 2005 ఆగస్టు 29న కట్రీనా హరికేన్‌లో 42040 బోయా 16.9 మీటర్లు నమోదు చేసింది. విడివిడి అలలు అంతకన్నా చాలా పెద్దవై ఉంటాయి. అదే బోయా 2004లో ఐవాన్ వేళ దాదాపు 16 మీటర్లు చూపించి, లంగరు తెంచుకుని కొట్టుకుపోయింది. కట్రీనాలోనే 42003 బోయా తలకిందులైంది. అతి ముఖ్యమైన గంటల్లోనే కొలతలు ఆగిపోవడం ఈ పద్ధతిలోని పెద్ద లోపం. నెమ్మదైన తుపానులో అది మరీ బాధిస్తుంది, ఎందుకంటే గొలుసు మీద లాగుడు గంటలు కాదు, రోజులు సాగుతుంది. ఈ లోటు పూడ్చడానికి తుపాను దారిలో విమానాల నుంచి చిన్న తేలియాడే బోయాలను జారవిడుస్తున్నారు. 2021 సెప్టెంబరు 30న సెయిల్‌డ్రోన్ అనే మానవరహిత నౌక సామ్ హరికేన్ లోపలికి వెళ్లి కొలతలతో పాటు దృశ్యాలనూ పంపింది.

బంగాళాఖాతంలో ఇదే పని చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ లంగరు వేసిన బోయాలు చేస్తున్నాయి. వాటి సమాచారం హైదరాబాద్‌లోని భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రానికి (ఇన్‌కాయిస్), భారత వాతావరణ శాఖకు చేరుతుంది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను చెన్నై తీరానికి ఎదురుగా మెల్లగా సాగి నగరాన్ని నీట ముంచి, 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ తీరం వెంట ఉన్నవారికి నెమ్మదైన తుపాను అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. ఇక్కడి బోయాలకు తుపానులతో పాటు మరో ముప్పుంది. నీడకు చేపలు చేరడంతో పడవలు వాటి దగ్గరికి వస్తాయి, వలలు చిక్కుకుంటాయి, తాళ్లు తెగుతాయి, సోలార్ పలకలు, పరికరాలు మాయమవుతాయి. ఒక బోయా తెగిపోతే మళ్లీ ఓడ వెళ్లి కొత్తది దించేదాకా పటం మీద అక్కడ ఖాళీయే మిగులుతుంది. వేటకు వెళ్లేవారు బోయాకు పడవ కట్టవద్దు, దాని చుట్టూ వల వేయవద్దు.